పగిలిన అచ్చు, మూడు పతకాలు

లారీల యార్డులో కాటా గుమాస్తాను ఎవరో కొట్టి చంపారన్న కబురు పొద్దున్న ఎనిమిదింటికల్లా పతకాల కార్ఖానాకు వచ్చేసింది. తెచ్చినవాడు పతకాలకు రింగులు అతికే పనివాడు. వాడు కబురు మొదలుపెట్టాడంటే వినేవాళ్ళ చేతిలో టీ చల్లారిపోవాల్సిందే.

"రెండు లారీల మధ్య పడున్నాడంట మేస్త్రి గారూ. జాకీ రాడ్డుతో కొట్టారు. ఒకటి కాదు, రెండు కాదు, ఏడు దెబ్బలు. డాక్టరు లెక్కపెట్టి మరీ చెప్పాడంట. వాళ్ళన్నయ్య మొహం చూసి కాదు, చొక్కా చూసి గుర్తుపట్టాడంటే ఇక చూసుకోండి."

"పొద్దున్నే ఏం మాటల్రా అవి" అన్నాడు అచ్చు మేస్త్రి, నుదుటి నుంచి గుండె దాకా సిలువ గుర్తు వేసుకుంటూ.

"అసలు సంగతి వినండి. కుడి చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉందంట. వాళ్ళన్నయ్యే కూర్చుని ఒక్కో వేలూ విప్పాడంట. లోపల ఏముందో తెలుసా? మన మెడల్! క్రిస్టఫర్ది. చంపినోడి మెళ్ళోది లాక్కున్నాడన్నమాట."

మేస్త్రి చెయ్యి ప్రెస్సు పిడి మీద ఆగింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పిడి తిప్పుతున్న చెయ్యి అది. కింద ఒక ఉక్కు అచ్చు, పైన ఒక ఉక్కు అచ్చు, మధ్యలో ఇత్తడి బిళ్ళ. పిడి గట్టిగా తిప్పితే పై అచ్చు దబ్బున దిగుతుంది, బిళ్ళ మీద పునీతుడు లేస్తాడు. నదిలో మోకాళ్ళ లోతున నిలబడి, చేత కర్ర పట్టుకుని, భుజాన బాలయేసును మోస్తున్న క్రిస్టఫర్. దూరాలు పోయే లారీ డ్రైవర్లు ఆ పతకం లేకుండా స్టీరింగు ముట్టుకోరు.

"యార్డులో సగం మంది మెడల్లో అదే ఉంటుంది" అన్నాడు మేస్త్రి. "పని చూడు."

పది గంటలకు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యజమాని కుర్చీ చూపించినా కూర్చోలేదు. చిన్న కాగితం పొట్లం విప్పి బల్ల మీద పెట్టాడు. క్రిస్టఫర్ మొహం మీద, బాలయేసు మొహం మీద నెత్తురు ఎండి నల్లగా పేరుకుని ఉంది. తెగిన దారం ముక్క రింగులోనే ఉంది.

"మీదేనా ఇది?"

"మాదే సార్" అన్నాడు యజమాని. "ఇలాంటివి వేలల్లో చేశాం. ఫలానా వాడిదని ఎవడు చెప్పగలడు? మా మేస్త్రిని అడగండి, ఆయన చేతి మీదే కదా అన్నీ పుట్టేది."

మేస్త్రి వంగి చూశాడు. నది నీళ్ళ మీద, క్రిస్టఫర్ పిక్క పక్క నుంచి అంచు దాకా, వెంట్రుకంత సన్నటి గీత ఉబ్బెత్తుగా కనబడింది.

"మాదే సార్" అన్నాడు ఆయనా. "వేలల్లో కొట్టాం."

రెండు ముక్కలూ నిజమే. రెండూ కలిస్తే అబద్ధమయ్యాయి. ఇన్‌స్పెక్టర్ పొట్లం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ గీత సంగతి భూమ్మీద మేస్త్రికి ఒక్కడికే తెలుసు. రెండేళ్ళ కిందట ఒకరోజు ప్రెస్సు దిగుతున్నప్పుడు చప్పుడు తేడాగా వినిపించింది. అచ్చు తీసి చూస్తే నీళ్ళ దగ్గర పగులు. ఉక్కు పగిలితే ఆ పగుల్లోకి ఇత్తడి ఎక్కి పతకం మీద గీతై లేస్తుంది. అచ్చు పగిలితే దాన్ని సుత్తితో చెడగొట్టి పారెయ్యాలి, పగులు పడ్డాక వచ్చిన పతకాలు మూసలో వేసి కరిగించాలి. కార్ఖానాలో కట్టుబాటు అది. ఆ రోజు అలా వచ్చినవి మూడే మూడు. ఇంట్లో మనుషులూ ముగ్గురే. మొహాలు శుభ్రంగా ఉన్నాయి, గీత ఎక్కడో నీళ్ళలో ఉంది. దేవుడి బిడ్డను మోస్తున్నవాణ్ణి నిప్పుల్లో వెయ్యడానికి మేస్త్రికి చేతులు రాలేదు. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారి దగ్గరకు తీసుకెళ్తే ఆయన వాటి మీద పవిత్ర జలం చల్లి ఆశీర్వదించారు. ఆయనకు పాత సంగతులు చెప్పడమంటే సరదా.

"మొదటి కాలం క్రైస్తవుల సమాధుల్లోనే కంచు పతకాలు దొరికాయి మేస్త్రీ. తరవాత తరవాత పుణ్యక్షేత్రాలకు నడిచి వెళ్ళినవాళ్ళు సీసపు బిళ్ళలు తెచ్చుకుని టోపీలకు కుట్టుకునేవాళ్ళు, అంత దూరం పోయి వచ్చామని గుర్తు. ఈ క్రిస్టఫర్ గారినైతే గుడి తలుపుకు ఎదురుగోడ మీద రెండు నిలువుల ఎత్తున రాయించేవాళ్ళట. ఆ బొమ్మ కంటపడితే ఆ రోజుకి ఆకస్మికంగా చెడ్డ చావు రాదని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆయన జీవితం గురించి మనకు గట్టిగా తెలిసింది తక్కువే."

"అయితే ఇవి కాపాడతాయిగా ఫాదర్?" అంది మేస్త్రి భార్య.

"ఇది తాయెత్తు కాదమ్మా. ఇత్తడికి ఏ బలమూ లేదు. ఇది వేసుకోవడమంటే, నేను ఈయన వెనక నడుస్తాను, ఈయనలా ఒకర్ని మోస్తాను అని మాటిచ్చినట్టు. ఆ మాట మీద ఉన్నవాణ్ణి దేవుడు కనిపెట్టుకుని ఉంటాడు."

ఫాదర్ గారి మాటలు అక్కడ బాగానే ఎక్కాయి. ఇంటికొచ్చి కొడుకు మెళ్ళో కట్టేటప్పుడు మాత్రం మేస్త్రి నోట్లోంచి వచ్చింది వేరే మాట: "ఇది మెళ్ళో ఉన్నంతసేపు నీకు ఈగ వాలదు. స్నానానికి కూడా తియ్యకు. తీశావో, నీ చావు నీదే." కొడుకు లారీ డ్రైవరు కదా, భయంకొద్దీ అన్నాడు. బిడ్డను భయపెడితే జాగ్రత్తగా ఉంటాడనుకునే తండ్రులు చాలామంది ఉంటారు.

ఒంటి గంటకు అన్నానికని మేస్త్రి ఇంటికి వచ్చాడు. పెరట్లో తీగ మీద కొడుకు ప్యాంటూ చొక్కా నీళ్ళు కారుతున్నాయి. చొక్కా మెడ దగ్గర చిరిగి ఉంది. కొడుకు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెడ చుట్టూ దారం కోసిన ఎర్రటి చార, దాని కింద గోళ్ళ గాట్లు నాలుగు.

"మెడల్ ఏదిరా?"

"టైరు మారుస్తుంటే తెగిపోయింది."

మేస్త్రి కొడుకును చొక్కా పట్టి లేపాడు. వాడు విదిలించుకోబోయాడు. ఆయన చెంప మీద కొట్టాడు. ఇరవై ఆరేళ్ళు ప్రెస్సు తిప్పిన చెయ్యి, వాడి తల గోడకు తగిలింది. మళ్ళీ కొట్టాడు. కొడుకు తండ్రి గొంతు పట్టుకుని తలుపుకేసి అదిమాడు. ఇద్దరి మధ్యా నీళ్ళ బిందె దొర్లింది. తల్లి వంటింట్లోంచి పరుగున వచ్చి మధ్యలో దూరింది. మోచెయ్యి తగిలి ఆమె పెదవి చిట్లింది. ఆ నెత్తురు చూసి కొడుకు చేతులు వదిలేశాడు.

"చెప్పు" అన్నాడు మేస్త్రి, ఊపిరి అందక.

కొడుకు తడి నేల మీదే కూలబడ్డాడు. "మూడ్రోజుల నుంచి గేటు పాసు ఇవ్వకుండా తిప్పుతున్నాడు నాన్నా. నిన్న అందరి ముందూ అట్టతో తలమీద కొట్టాడు. ఊరుకున్నా. సాయంత్రం లారీ కింద పడుకుని టైరు పని చేసుకుంటున్నా. వచ్చి కాలితో జాకీని తన్నాడు. నా చెయ్యి లోపలుంది. ఇంత సందులో తప్పింది. నవ్వాడు నాన్నా, నిలబడి నవ్వాడు. రాడ్డు తీసి ఒకటేశా. పడ్డాడు. పడుతూ నా మెడ పట్టుకున్నాడు. ఇంకోటేశా."

"ఏడు దెబ్బలంట."

"మెడల్ వాడి చేతిలోకి పోయింది. ఇచ్చెయ్యరా అన్నా. వెళ్ళిపోతాను, ఇచ్చెయ్ అన్నా. పిడికిలి తెరవలేదు. అది లేకుండా గేటు దాటితే నాకేదో అయిపోతుందని..." కొడుకు తలెత్తి తండ్రి కళ్ళలోకి చూశాడు. "తీశావో నీ చావు నీదే అన్లేదూ నువ్వు? మిగతా అయిదూ దానికోసమే కొట్టా. చచ్చాక కూడా ఆ వేళ్ళు విడలేదు."

మేస్త్రి చెయ్యి తనకు తెలియకుండానే తన మెడ దగ్గరకు పోయింది.

అప్పుడే బయట పక్కింటావిడ గట్టిగా అరిచింది. "వదినా, దొరికాడంట! లోడింగు బక్కోణ్ణి పట్టుకున్నారు యార్డులో. గుమాస్తా అన్నదమ్ములు కుళ్ళబొడుస్తున్నారంట. పోలీసులొచ్చేసరికి వాడు మిగలడు!"

బక్కోడంటే యార్డులో బస్తాలు మోసే కూలీ. ఆ పేరు ఎవరు పెట్టారోగాని, వాడు గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. మొన్న గుమాస్తాతో నలుగురి ముందూ జగడమాడాడు. మెళ్ళో రోజూ ఉండే క్రిస్టఫర్ ఈ రోజు లేదు. అంతకంటే రుజువు ఎవరిక్కావాలి?

మేస్త్రి చెప్పులు వేసుకోకుండానే గుమ్మం దాటాడు. భార్య వెనక నుంచి చొక్కా పట్టుకుంది. "ఏవండీ, ఎక్కడికి? వాడెవడి కోసమో కన్నకొడుకును పట్టిస్తారా?"

"పట్టించను" అన్నాడు. "వాడిది కాదని చెప్పి వచ్చేస్తా. అంతే."

ఆయన ఆ మాట నమ్మాడో లేదో ఆయనకే తెలియదు.

యార్డు మధ్యలో బక్కోణ్ణి లారీ బంపరుకు తాళ్ళతో కట్టేశారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. దవడ పక్కకు జారింది. గుమాస్తా తమ్ముడు గొలుసుతో కొడుతున్నాడు. ప్రతి దెబ్బకూ అడుగుతున్నాడు. "మెడల్ ఏదిరా? నీ మెడల్ ఏది?"

"చెల్లికిచ్చా" అంటున్నాడు బక్కోడు, నోట్లో నెత్తురు బుడగలు కడుతుంటే. "పురిటికెళ్ళింది. భయపడుతుంటే చెల్లికిచ్చా."

"చెల్లి! క్రిస్టఫర్ని పురిటికి పంపాడంట!" అని ఎవడో నవ్వాడు. నిన్న బక్కోడి పక్కనే కూర్చుని క్యారియర్ పంచుకున్నవాడే. గొలుసు మళ్ళీ లేచింది.

మేస్త్రి జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళి గుమాస్తా అన్న ముందు నిలబడ్డాడు. అన్న చేతిలో జాకీ రాడ్డు ఉంది. వేళ్ళకు ఇంకా పోయిన తమ్ముడి నెత్తురే ఉంది, కడుక్కోలేదు.

"నువ్వేగా పిడికిలి విప్పింది? మెడల్ చేత్తో పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. అయితే?"

మేస్త్రి తన మెళ్ళో పతకం బయటికి లాగాడు. "నీళ్ళ మీద బొటనవేలు పెట్టి చూడు."

అన్న చూశాడు. వేలు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అదే దారిలో వెనక్కి వచ్చింది. "దారప్పోగులా తగుల్తోంది. అదీ ఇలాగే తగిలింది."

"బక్కోడిది నేనే కొట్టిచ్చా, దానికి గీత లేదు. గీత ఉన్నవి లోకంలో మూడే. మూడూ మా ఇంట్లోవే."

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. తమ్ముడి చేతిలో గొలుసు మాత్రం ఇంకా ఊగుతోంది.

"మిగతా రెండూ చూపించు" అన్నాడు అన్న.

మేస్త్రి నోరు తెరిచేలోగా వెనక నుంచి భార్య గొంతు వినిపించింది. కొడుకు మణికట్టు పట్టుకుని ఈడ్చుకొస్తోంది. జుట్టు ఊడిపోయింది, పెదవి వాచింది. వాడి చొక్కా మెడ తెరిచి అందరికీ చూపించింది. "ఇదిగో, చూడండయ్యా! నా కొడుకు మెళ్ళోనే ఉంది. ఆయనకు పెద్దతనం, కంగారుపడి ఏదో వాగుతున్నారు. పోయింది నాది. పదిరోజుల కిందట ఇక్కడికి క్యారియర్ తెచ్చినప్పుడు పడిపోయింది."

మేస్త్రి చూశాడు. కొడుకు మెళ్ళో ఉన్నది ఆమె నల్లదారమే, ఆమె ముడే. ఆయన వీధి మలుపు తిరిగేలోగా తన మెళ్ళోంచి తీసి వాడికి కట్టేసింది. దాంతో వాడి మెడ మీది చార కూడా దారం కింద దాక్కుంది, గోళ్ళ గాట్లను ఆమె వేళ్ళు కప్పాయి. తల్లి బుద్ధి ఎంత చురుగ్గా పనిచేసిందో చూస్తే ఆయనకు ఒళ్ళు జలదరించింది.

"ఇక్కడ పడిపోయిందా?" అన్నాడు తమ్ముడు మెల్లగా. "యార్డులోనా? అయితే ఎవరికి దొరికింది?"

అందరి కళ్ళూ మళ్ళీ బంపరు వైపు తిరిగాయి.

ఆమె ఇది అనుకోలేదు. మొహం తెల్లబోయింది. తమ్ముడు గొలుసు పారేసి అన్న చేతిలోంచి రాడ్డు లాక్కున్నాడు. "మాకు అబద్ధాలు చెబుతున్నావట్రా, చెల్లికిచ్చా చెల్లికిచ్చా అని?"

రాడ్డు లేచింది. మేస్త్రి పరుగెత్తి బక్కోడి తల మీద తన రెండు చేతులూ కప్పాడు. దెబ్బ కుడి చేతి మీద పడింది. ఎండుపుల్లల కట్ట విరిగినట్టు చప్పుడైంది. ఆయనకు ముందు నొప్పి తెలియలేదు, తన వేళ్ళు తనకు కాకుండా పోయినట్టు మాత్రం తెలిసింది. అయినా తియ్యలేదు. బక్కోడి నెత్తురూ ఆయన నెత్తురూ కలిసి వాడి వీపు మీదుగా జారాయి.

"లే ముసలోడా!"

"వాడు కాదు" అన్నాడు మేస్త్రి. అంతకుమించి ఒక్క మాట కూడా ఆయన నోట్లోంచి రాలేదు. చేసిందెవరో చెప్పనూ లేదు, లేవనూ లేదు. "వాడు కాదురా, వాడు కాదు."

రాడ్డు మళ్ళీ లేచింది.

"నేనే!"

కొడుకు ముందుకొచ్చాడు. మెళ్ళోంచి నల్లదారం తలమీదుగా తీశాడు. తల్లి చెయ్యి తెరిచి పతకం అందులో పెట్టి, వేళ్ళు తానే మూశాడు. "అమ్మది ఎక్కడా పడలేదు. పోయింది నాది. నేనే కొట్టా. మీ వాడు నా జాకీ తన్నాడు, అందుకు రెండు కొట్టా. మెడల్ ఇవ్వలేదని అయిదు కొట్టా. మా నాన్నను కొట్టకు."

తమ్ముడు రాడ్డు తిప్పి వాడి భుజం మీద వేశాడు. వాడు మోకాళ్ళ మీద పడ్డాడు. చెయ్యి అడ్డం పెట్టలేదు. అన్న కూడా మీద పడి డొక్కలో తన్నాడు. జనంలో కొందరు కలిశారు, ఇందాక బక్కోణ్ణి తన్నిన కాళ్ళే. తల్లి ఆ కాళ్ళ మధ్యకు పాకి కొడుకు తల ఒళ్ళోకి తీసుకుంది. ఎవడి బూటో ఆమె వీపులో దిగింది. పోలీసు జీపు హారను కొట్టుకుంటూ గేట్లోకి వచ్చేసరికి వాడి జబ్బ ఎముక విరిగి, రెండు పళ్ళు మట్టిలో ఉన్నాయి. ప్రాణం మిగిలింది.

ఇన్‌స్పెక్టర్ మూడు పతకాలూ పక్కపక్కన పెట్టి గీత మీద గోరు ఆనించి చూశాడు. "పొద్దున్న నేనడిగినప్పుడే చెప్పుంటే?" అన్నాడు మేస్త్రితో.

"ఆ గొలుసు దెబ్బలుండేవి కావు సార్" అన్నాడు మేస్త్రి. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉన్నాడు. కుడి చేతిలో మూడు వేళ్ళు ఇక మడత పడవని డాక్టరు చెప్పి అప్పటికి ఎంతోసేపు కాలేదు.

మూడూ సాక్ష్యం కింద జమయ్యాయి. ఆ ఇంట్లో అందరి మెడలూ బోసిపోయాయి.

బక్కోడు నెలన్నర ఆస్పత్రిలో ఉన్నాడు. దవడకు తీగ కట్టారు. మేస్త్రి భార్య రోజూ గంజి పట్టుకెళ్ళి పళ్ళ సందుల్లోంచి చెంచాతో పోసేది. మొదటి రోజు వాడు మొహం తిప్పుకున్నాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆకలికి ఆగలేక తాగాడు. ఆమె క్షమించమని అడుగుదామని రోజూ వెళ్ళేది, రోజూ గంజి పోసి వచ్చేసేది. ఒకరోజు వాడి చెల్లెలు చంటిదాన్ని ఎత్తుకుని వచ్చింది. పిల్ల మెళ్ళో గీత లేని క్రిస్టఫర్ వేలాడుతోంది. దాన్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. మేస్త్రి భార్య గంజి గిన్నె అక్కడే పెట్టి, వరండాలోకి పోయి గోడకు తల ఆనించుకుని ఏడ్చింది.

"నా కొడుకును కాపాడమని కదా కట్టుకున్నాం ఫాదర్?" అని ఆమె ఆ ఆదివారం అడిగింది. "ఎవర్ని కాపాడాడు ఆయన?"

ఫాదర్ గారు ఈసారి పాత సంగతులేమీ చెప్పలేదు. "తెలీదమ్మా" అన్నారు. "గుమాస్తా ఆఖర్న దేన్ని పట్టుకున్నాడో మాత్రం తెలుసు. రోజూ పూజలో ఆ పోయినాయన పేరు చెబుతున్నాను. మీరూ చెప్పండి."

ఆ మాట మేస్త్రిలో ముల్లులా ఉండిపోయింది. ఆ పతకం వేసుకున్నవాడు ఒకర్ని మోస్తానని మాటిచ్చినట్టని ఫాదర్ గారు అప్పట్లో అన్నారు. కట్టినవాడు ఆ మాట చెప్పకుండా కడితే తప్పెవరిది? మోకరించిన ప్రతిసారీ ఆయన ఈ ప్రశ్న దేవుడి ముందు పెట్టేవాడు. జవాబు రాలేదు. అయినా అడగడం మానలేదు, మోకరించడమూ మానలేదు.

కార్ఖానాకు వెళ్ళి యజమానితో రెండేళ్ళ నాటి మూడు పతకాల దొంగతనం చెప్పేశాడు. యజమాని ఆయన చేతికట్టు వైపు చూసి, "కూర్చో మేస్త్రీ" అని మాత్రం అన్నాడు. ప్రెస్సు ఇప్పుడు రింగులవాడు తిప్పుతున్నాడు. మేస్త్రి పక్కన కూర్చుని ఎడమచేత్తో ఒక్కో పతకం తడిమి చూస్తాడు. ఎక్కడ గీత తగిలినా మూసలోకి విసిరేస్తాడు. లోహం కరుగుతుంటే తలతిప్పుకోడు.

శిక్ష పడ్డాక మొదటిసారి కొడుకును చూడ్డానికి వెళ్ళినప్పుడు, భార్య కొత్త పతకం ఒకటి కొంగున ముడేసుకుని తెచ్చింది. జైల్లో మెళ్ళో దారాలు వేసుకోనివ్వరని గేటు దగ్గరే చెప్పారు. పోనీ జేబులో పెట్టుకుంటాడని ఆమె కాళ్ళావేళ్ళా పడితే కాపలావాడు కరిగి సరేనన్నాడు.

కొడుకు జాలీ అవతల నిలబడ్డాడు. భుజం ఒకటి కిందకి జారి ఉంది. ఆమె ముడి విప్పి పతకం జాలీ సందులోంచి లోపలికి తోసింది. వాడు దాన్ని అందుకోలేదు. వేలితో మెల్లగా ఇటువైపుకే నెట్టాడు.

"వద్దమ్మా. నాది ఆయన పిడికిట్లోనే ఉంది."